పడవోని కొడుకు

ముద్దను పట్టుకోవడం వంశీధర్‌రావుకు మళ్లీ వచ్చింది. విడవడమే రాలేదు.

కంచంలో కలిపిన పప్పన్నాన్ని కుడి చేత్తో గుప్పిట్లోకి తీసుకునేవాడు. చెయ్యి వణుక్కుంటూ నోటిదాకా లేచేది కూడా. అక్కడితో సరి. నోటి ముందుకు రాగానే ఆ గుప్పిట తాళం పడ్డట్టు బిగుసుకుపోయేది. తెరవాలని ఎంత పట్టుబడితే అంత బిగిసేది. వేళ్ల సందుల్లోంచి పప్పు మోచేతిదాకా కారేది. అప్పుడు జానకీబాయి కొంగుతో తుడిచి, ఒక్కొక్క వేలే విప్పి, తన చేత్తో ముద్ద పెట్టేది. అందుకే ఆ ఇంట్లో భోజనాల వేళ పడకగది తలుపు మూసి ఉండేది. పక్షవాతం వచ్చాక ఆయన తింటుండగా చూసిన మనిషి భార్య ఒక్కతే.

"ఎడమ చేతితోని తింటే ఏమైతది? దవాఖానల ఎంతమంది తింటలేరు?" అందామె ఒకనాడు.

"ఎడమ చేతితోని తినేదుంటే ఇంక బతుకుడెందుకు?" అన్నాడాయన. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు సొంతూరు బోథ్ నుంచి తమ్ముడు బాలకిషన్‌రావు ఫోను. తన మనుమడి పెళ్లి విందు ఆదివారం. ఆ కుటుంబంలో ఒక ఆనవాయితీ ఉంది. అయినవాళ్లంతా బంతిలో కూచుంటే, అందరిలోకి పెద్దవాడు తొలి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా బంతి పొడుగునా ఒక్కరూ విస్తరి ముట్టరు. తండ్రి పోయిన నాటి నుంచి ఆ తొలి ముద్ద వంశీధర్‌రావుది.

"పరేషాన్ గాకు అన్నా," అన్నాడు తమ్ముడు చాలా మెత్తగా. "నీకు చాత గాకుంటే బంతి నేను షురు జేస్త. ఎవ్వరేమనుకోరు."

ఆ మెత్తదనమే ములుకులా దిగింది.

"నేనే వస్తున్న. నేనే షురు జేస్త," అని వంశీధర్‌రావు ఫోను పెట్టేశాడు. ఎడమ చేత్తో.

ఆ సాయంత్రం వెస్లీ వచ్చేసరికి ఆయన వరండాలో వీల్‌చైరులో కాచుకుని ఉన్నాడు. వెస్లీ ఫిజియోథెరపీ చదివినవాడు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పని. పొద్దు వాలాక మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించి వస్తాడు. ఇతని తండ్రి సీమోను బోథ్‌లో రావుగారి పొలాల్లో జీతం ఉన్న మనిషి. అందుకని బయట అందరికీ అతను వెస్లీ సారే అయినా, ఈ ఇంటి గడప లోపల మాత్రం అతని పేరు వేరు.

"ఏం సీమోను కొడుకా! ఆదివారం వరకు నా చెయ్యి విచ్చుకోవాలె. ఏం జేస్తవో నాకెర్క లే."

వెస్లీ సంచి దించి, చేతులు కడుక్కుని వచ్చి, ఆ మూసుకున్న గుప్పిటను తన ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలి మొదలు దగ్గర నొక్కి, మెల్లగా తెరుస్తూ అన్నాడు:

"విచ్చుకునుడు మీ చేతుల్నే ఉన్నది సార్. నేను తొవ్వ చూపెడ్త."

సీమోను బతుకంతా 'దొరా' అన్నాడు. కొడుకు 'సార్' అంటాడు. అందులో అమర్యాద ఏమీ లేదు. అయినా అన్నంలో రాయిలా ప్రతిసారీ పంటికి తగిలేది.

స్పాంజి బంతి, బట్టల క్లిప్పులు, రబ్బరు బద్ద ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చాయి. బంతిని ఆయన నొక్కగలిగాడు. విడువు అనగానే ఇంకా గట్టిగా నొక్కాడు. చివరకు ఎడమ చేత్తో దాన్ని లాగి వరండా అవతలికి విసిరేశాడు.

"పసిపోరల ఆట!"

హాల్లోంచి టీవీ మోత వినిపిస్తోంది. మనుమరాలు శ్రేయ ఇంటర్ చదువుతోంది. సాయంత్రం కాసేపు వీడియో ఆట ఆడుకోవడం ఆ పిల్ల హక్కు. తెర మీద ఒక విలుకాడు వాగు ఒడ్డున నిలబడి నారి లాగుతున్నాడు. బంతి కోసం లేచిన వెస్లీ అక్కడే ఆగిపోయాడు. అతని చూపు తెర మీద లేదు. చేతిలోని కంట్రోలర్ మీట ఒత్తుతున్న శ్రేయ చూపుడు వేలి మీద ఉంది.

"శ్రేయమ్మా, గది జర మళ్లొకసారి చెయ్యి."

"ఇదా అన్నా? ఈ మీట ఒత్తితే నారి లాగుతది. వేలు తీస్తే బాణం పోతది. అంతే."

వెస్లీ వెనక్కి తిరిగాడు. అతని మొహంలో వెలుగు చూసి వంశీధర్‌రావు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏందిరా?"

"మీకు సరైన ఆట దొరికింది సార్."

*

ఆటకు ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరుంది. ఇంట్లో మాత్రం అది 'కోట ఆట' అయిపోయింది.

మొదట మనిషిని తయారు చెయ్యాలంది శ్రేయ. "రేవు జాతిని తీసుకుందం తాతా. పడవలు నడిపేటోళ్లు. వాళ్లకు విల్లు బాగొస్తది." ఆ తర్వాత పేరు. వంశీధర్‌రావు చెబుతుంటే ఆ పిల్ల అక్షరాలు కొట్టింది. 'వంశీధర్' దగ్గర చోటు అయిపోయింది.

"రావు పట్టదట తాతా."

"రావు లేకుంటే నేనెవ్వన్ని?"

"పడవ నడిపేటోనివి," అంది శ్రేయ. వంటింట్లో జానకీబాయి కిసుక్కున నవ్వింది.

కథ ఇదీ. రాజ్యం రెండుగా చీలింది. ఇటు కోటవాళ్లు, రాజు పక్షం. అటు వాగు అవతలివాళ్లు, తిరగబడ్డవాళ్లు. మధ్యలో ఏ పక్షానికీ చెందని కొత్తవాడు మన విలుకాడు. ఎటో ఒకవైపు తేల్చుకోవాలి. ఒక్కసారి తేల్చుకుంటే ఆటలో వెనక్కి రావడానికి లేదు.

"తేల్చుకునుడేముంది?" అన్నాడు వంశీధర్‌రావు. "రాజు లేకుంటే ఊరెట్ల నడుస్తది? కోట దిక్కే."

"కోటోళ్లు కాలువ మలుపుకున్నరట సార్. వాగవతల పంటలకు నీళ్లు బందు," అన్నాడు వెస్లీ తెర మీది మాటలు చదువుతూ.

"నీకు గట్లాంటోళ్లే కనవడ్తరు తియ్యి."

"కనవడ్తరు సార్," అన్నాడు వెస్లీ. అని, ఆయన చూపుడు వేలిని మీట మీద సర్దాడు.

ఆ ఇద్దరూ ఆడిన తీరు చూడవలసిందే. నడక ఎడమ చేతిది, కాబట్టి అది రావుగారి సొంతం. ముందుకు ఉరికించేవాడు, రాళ్ల చాటున దాచేవాడు, గుట్ట ఎక్కించేవాడు. కుడి చేతి చూపుడు వేలు మీట ఒత్తి నారి లాగేది. అదీ ఆయనదే. కానీ బాణం పోవాలంటే వేలు లేవాలి. అది లేవదు. "ఇగ పోనియ్యి!" అని ఆయన అరవగానే పక్కనున్న వెస్లీ ఆ వేలిని సుతారంగా మీట మీంచి లేపేవాడు. అంటే ప్రతి బాణమూ ఇద్దరిది. ఆ అరుపుకూ ఆ లేపడానికీ మధ్య గురి కదిలిపోయేది. ఒకసారి బాణం శత్రువును వదిలి కోట వంటవాడి కుండకు తగిలింది. గంజి తెర మీద చిమ్మింది. శ్రేయ సోఫా మీంచి కింద పడి నవ్వింది.

"మీరు జర ముందుగాల చెప్పాలె సార్."

"నువ్వు జర ముందుగాల లేపాలె."

"నేను లేపుడు గాదు సార్. మీరు విడువాలె."

మర్నాటికి కుండలు తగలడం తగ్గింది. వంశీధర్‌రావు పొద్దుటి నుంచే సాయంత్రం కోసం చూశాడు. పేపరు చదువుతూ చూపుడు వేలిని కుర్చీ చెయ్యి మీద ఒత్తేవాడు, లేపడానికి చూసేవాడు. అది లేచేది కాదు. పళ్లు బిగించి మళ్లీ ఒత్తేవాడు. జానకీబాయి కూరగాయలు తరుగుతూ ఓరగా చూసేది.

కోట కోసం ఆయన ఒక వంతెన పట్టాడు, ఒక కాపలా బురుజు పట్టాడు, దారి దోపిడీగాళ్లను తరిమాడు. గురువారం సాయంత్రం సేనాపతి కబురు పంపాడు. విలుకాడు కోట లోపలికి నడిచాడు. పొడుగు బల్లల మీద విందు సాగుతోంది. వంశీధర్‌రావు నిటారుగా కూచున్నాడు, లోపలికి వెళ్లేది తానే అన్నట్టు. సేనాపతి తల ఎత్తి చూసి ఏదో అన్నాడు.

"ఏమంటుండు?"

వెస్లీ ఒక్క క్షణం తటపటాయించాడు. "పడవోని కొడుకా, గడప కాడనే ఆగు అంటుండు సార్."

"ఏమన్నవ్?"

"నేను గాదు సార్. ఆయన."

"నువ్వే గట్ల కల్పించి చెప్తున్నవా?"

"లేదు తాతా, కింద అట్లనే రాసుంది," అంది శ్రేయ. "రేవు జాతోళ్లను అందరు అట్లనే పిలుస్తరు."

వంశీధర్‌రావు ఎడమ చేత్తో కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగి, ఆ ఇంగ్లీషు ముక్కను తనే కూడబలుక్కున్నాడు. నిజమే. పడవోని కొడుకా.

"నా పేరు రాసిన గద! వంశీధర్ అని! వంతెన పట్టిచ్చింది నేను, బురుజు పట్టిచ్చింది నేను. పేరు వెట్టి పిలువనీకి వానికి నోరు లేదా?"

తెర మీద విందు సాగుతూనే ఉంది. విలుకాడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. వెస్లీ తల వంచుకుని మీట మీంచి వేలు తీసి, ఆ మణికట్టును అటూ ఇటూ తిప్పుతూ వ్యాయామం కొనసాగించాడు. ఆ మొహంలో నవ్వు ఉందేమోనని వంశీధర్‌రావు వెతికాడు. లేదు. లేకపోవడమే ఎందుకో ఇంకా చిరాకు తెప్పించింది.

"బొమ్మలతోని కొట్లాటేంది?" అంది జానకీబాయి భోజనం దగ్గర, ఆయన వేళ్లు విప్పుతూ.

"బొమ్మయితే ఏంది? బాపు పేరు వెట్టి పిలుస్తే మనిషికి సొంత పేరెందుకు?" అన్నాడాయన.

ఆమె ఆయన మొహంలోకి ఒకసారి చూసి ముద్ద అందించింది.

*

శుక్రవారం సేనాపతి ఆఖరి హుకుం ఇచ్చాడు.

వాగు మీది వంతెన. నడిమి గుంజకు ఒక ముసలివాణ్ణి తాళ్లతో కట్టేశారు. వంశీధర్‌రావు గుర్తుపట్టాడు. ఆట మొదట్లో వాగు దాటించి, కాల్చిన చేపలు పెట్టిన పడవ మనిషి.

"గీయన మనకు చేపలు వెట్టిన ముసలాయన గద?"

"ఔ సార్. అవతలోళ్లకు కబుర్లు మోసిండని పట్టుకున్నరు," అన్నాడు వెస్లీ. "ఈయనను కొడితే మీరు కోట మనిషి. తాడును కొడితే అవతలి మనిషి."

"మూడో తొవ్వ లేదా?"

"లేదు తాతా," అంది శ్రేయ.

వంశీధర్‌రావు నారి లాగాడు. వేలు మీట మీద గట్టిగా బిగిసింది. ఎప్పటిలా పక్కనుంచి వెస్లీ చెయ్యి రావాలి. రాలేదు. అతను కుర్చీ వెనక్కి జరుపుకుని చేతులు కట్టుకున్నాడు.

"ఏందిరా?"

"ఇది మీరే విడువాలె సార్. ఎవరి దిక్కో తేల్చుకునేటప్పుడు నా వేలు ఉండద్దు."

తెర మీద సేనాపతి విసుక్కున్నాడు. "ఏం చూస్తున్నవ్, పడవోని కొడుకా?"

వంశీధర్‌రావు దవడ బిగిసింది. ఎడమ చేతి బొటనవేలు కదిలింది. గురి ముసలివాడి రొమ్ము మీంచి మెల్లగా పక్కకు జరిగి తాడు ముడి మీద ఆగింది. శ్రేయ ఊపిరి బిగబట్టింది. మూడు తరాల పటేలు ఇంటి మనిషి, రాజు లేకుంటే ఊరు నడవదన్న మనిషి తాడు మీద గురి పెడతాడని ఆ పిల్ల అనుకోలేదు.

"నా పేరు రాని నోటితోని నాకు హుకుం ఇస్తడా? చూపెడ్త," అన్నాడాయన.

చూపించాలంటే వేలు విడవాలి. వేలు విడవలేదు.

ఆయన పళ్లు బిగించాడు. వేలు ఇంకా బిగిసింది. మెడ నరాలు ఉబ్బాయి. నుదుటి మీద చెమట పట్టింది. ఆటకు తొందర లేదు. సేనాపతి మాత్రం కాసేపటికోసారి అదే గొంతుతో అదే మాట అంటున్నాడు. "ఏం చూస్తున్నవ్, పడవోని కొడుకా?" ఆ మాట పడ్డప్పుడల్లా వేలు మీటలోకి దిగిపోతోంది. కంట్రోలర్ కిర్రుమంది.

"ఇరుగుతది తాతా," అంది శ్రేయ మెల్లగా.

"సార్," అన్నాడు వెస్లీ. కుర్చీ మళ్లీ ముందుకు జరిపాడు కానీ చెయ్యి మాత్రం చాపలేదు. "కోపానికి పట్టుకునుడే ఎరుక. విడిచిపెట్టుడు దానికి రాదు. వేలు దిక్కు చూడకుండ్రి. తెర దిక్కు చూడకుండ్రి. నా దిక్కు చూడుండ్రి."

ఆయన చూశాడు. ఇన్నాళ్లుగా ఈ మనిషి తన చెయ్యి పట్టుకు కూచుంటున్నాడు. ఇంత దగ్గరగా మొహంలోకి చూసింది ఇదే. సీమోను పోలిక ఒక్క గడ్డం దగ్గరే ఉంది. కళ్లు వేరు. అలసటగా, ఓపికగా, ఎవరికీ భయపడని కళ్లు.

"మణికట్టు జర కిందికి వంచుండ్రి. పైకి లేపితే వేళ్లు మూసుకుంటయ్, కిందికి వంచితే అవే విచ్చుకుంటయ్. వాటి గుణమే గది. ఊపిరి విడువుండ్రి. మంచిగ. ఇగ వేలును మర్చిపోండ్రి."

వంశీధర్‌రావు ఊపిరి విడిచాడు. మణికట్టు వాలింది. ఎక్కడో తనకు సంబంధం లేని చోట ఏదో సడలినట్టయింది.

టప్ మని చప్పుడు. శ్రేయ కేక.

తాడు తెగింది. ముసలివాడు వాగులోకి దూకాడు. సేనాపతి కత్తి దూశాడు. వంశీధర్‌రావు తన చూపుడు వేలి కేసి చూసుకున్నాడు. అది మీటకు పైన గాలిలో వణుకుతూ నిలబడి ఉంది. ఎవరి చెయ్యీ దాని కింద లేదు.

"జానకీ!" అని అరిచాడు. ఆమె గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఆయన ఏమీ చెప్పలేక వేలు చూపించాడు. ఆమెకు అర్థమైంది. గరిటె టీవీ మీద పెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

విలుకాడు వాగు దాటాడు. అవతలి ఒడ్డున దివిటీలతో జనం. వాళ్ల నాయకుడు చేతులు చాపి ఎదురొచ్చి, విలుకాణ్ణి గట్టిగా కావలించుకుని ఏదో అన్నాడు. వెస్లీ గొంతు సవరించుకున్నాడు.

"ఏమంటుండు? చెప్పు."

"రా, పడవోని కొడుకా అంటుండు సార్."

"వీడు గూడనా?"

శ్రేయ ఇక ఆగలేకపోయింది. "తాతా, వాళ్ల మాటలన్నీ ముందే రికార్డు చేసి పెట్టిర్రు. ఆట కొన్నోళ్లు ఒక్కొక్కలు ఒక్కొక్క పేరు పెట్టుకుంటరు. అవన్నీ వాళ్లకెట్ల ఎరుకైతయ్? కోటకు పోయినా గంతే, వాగు దాటినా గంతే. నీ పేరు ఎవ్వరు పిలువరు. పిలువరాదు వాళ్లకు."

వంశీధర్‌రావు చాలాసేపు తెర కేసి చూశాడు.

"అంటే సేనాపతి నన్ను కావాలని అనలే."

"లే. ఆయనకు చాత గాదు."

"ఊఁ. చాత గాక నా పేరు అనలే."

"పాత ఆట సేవ్ చేసి దాచిపెట్టిన తాతా. దొంగతొవ్వల వెనుకకు పోవచ్చు. మళ్లీ కోట దిక్కు పోదమా?"

"వద్దు," అన్నాడాయన. "తప్పు లెక్కతోనే పోయిన. గాని ముసలాయన కట్లు తెగినయ్ గద. విడిచిన బాణం విడిచినట్టే."

వెస్లీ సంచి సర్దుకుని లేచాడు. "వస్త సార్. రేపు అన్నంతోని చేద్దం."

"మంచిది..."

ఆ మాట తర్వాత రోజూ ఇంకో రెండు మాటలు వాటంతట అవే వచ్చేవి. ఇవాళ అవి నాలుక మీదికి వచ్చి ఆగిపోయాయి. తెర మీద ఆ నాయకుడు ఇంకా చేతులు చాపి నవ్వుతున్నాడు. గుమ్మం దగ్గర వెస్లీ కూడా ఏదో తక్కువైనట్టు ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూసి, చెప్పులు తొడుక్కున్నాడు.

*

శనివారం పడకగది తలుపు తెరిచే ఉంది. వెస్లీ ఎదురుగా స్టూలు మీద కూచున్నాడు. మొదటి ముద్ద ఒళ్లో పడింది. రెండోది గుప్పిట్లోనే నలిగింది. మూడోది సగం నోటికి, సగం మీసానికి. సాయంత్రమంతా అలాగే గడిచింది. ఎదుటి మొహం చూస్తే చెయ్యి మాట వినేది. తన చెయ్యి తను చూసుకుంటే మొరాయించేది.

ఆ సాయంత్రమంతా వంశీధర్‌రావు అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. "ఇగో" అన్నాడు, "ఇను" అన్నాడు. పాత పిలుపు పోయింది. కొత్తది ఇంకా నోటికి రాలేదు.

"రేపు నాతోని బోథ్ రావాలె," అన్నాడు చివరికి.

"వస్త సార్. మా అవ్వను, బాపును చూసి గూడ చానా దినాలాయె."

కారు తెల్లవారగానే బయల్దేరింది. డ్రైవరు రాయమల్లు, పక్కన వెస్లీ, వెనక సీట్లో భార్యాభర్తలు. పరీక్షలున్నాయని శ్రేయ ఆగిపోయింది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేదాకా వంశీధర్‌రావు ఒక్క మాట మాట్లాడలేదు. ఒళ్లో కుడి చెయ్యి పెట్టుకుని మణికట్టు వంచుతూ, లేపుతూ ఉన్నాడు. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు విచ్చి తెల్లగా ఉన్నాయి.

ఇంటి ముందు షామియానా, మైకులో సన్నాయి. బాలకిషన్‌రావు ఎదురొచ్చి అన్నను కావలించుకున్నాడు. ఆ తర్వాత వీల్‌చైరు దించుతున్న మనిషిని చూశాడు.

"నువ్వు సీమోను కొడుకువు గాదుర? మంచిగైనవ్! అగో, అటు ఎనుక డ్రైవర్లకు పెడ్తున్నరు. రాయమల్లుతోని పోయి తిను."

"వద్దు సార్," అన్నాడు వెస్లీ. "మా ఇల్లు ఎనుక వాడలనే. అవ్వ వండి పెట్టుకోని కూసున్నది."

అతను వంశీధర్‌రావును బంతిలో మొదటి కుర్చీలో కూచోబెట్టి, మోచేతి కింద చిన్న దిండు సర్ది, చెవి దగ్గర అన్నాడు: "మణికట్టు సార్. ఊపిరి." అని గేటు వైపు నడిచాడు.

పొడుగు బల్లల మీద అప్పటికే విస్తళ్లు పరిచి వడ్డించి ఉన్నాయి. అన్నం, పప్పు, మీద నెయ్యి. కొత్త దంపతులు, కోడళ్లు, అల్లుళ్లు, పిల్లలు. మాటలు తగ్గాయి. అందరి చేతులూ ఒళ్లోకి చేరాయి. అందరి చూపులూ మొదటి విస్తరి మీదికి వచ్చాయి.

వంశీధర్‌రావు ముద్ద కలిపాడు. చెయ్యి లేచింది. గడ్డం దాకా వచ్చింది. ఎదుటి కుర్చీలో బాలకిషన్‌రావు. ఆ మొహం నిండా జాలి. ఆ జాలి వెనకాల, నేను షురు చేస్తలే అన్న సంసిద్ధత.

గుప్పిట తాళం పడ్డట్టు బిగిసింది.

ఆయన చేతిని తిరిగి విస్తరి మీద దించాడు. దూరాన ఎవరో పిల్లవాడు ఆకలని గునిశాడు. తల్లి అదిలించింది.

"అన్నా," అన్నాడు తమ్ముడు ముందుకు వంగి. "ఫికర్ జెయ్యకు. నేను..."

"ఆగు," అన్నాడు వంశీధర్‌రావు. గేటు వైపు మొహం తిప్పాడు.

"వెస్లీ!"

గొంతు సన్నాయిని దాటి పోయింది. గేటు దగ్గర ఆ మనిషి రెండడుగులు నడిచాక గానీ ఆగలేదు. ఆ గొంతులో ఆ పేరు అతను ఎన్నడూ వినలేదు. తిరిగి చూశాడు.

"వెస్లీ, ఇట్ల రా. నా ఎదుర్గ కూసో."

"సార్, అవ్వ వండి పెట్టింది."

"ఒక్క ముద్ద తిని పో."

బంతిలో గుసగుసలు లేచాయి. బాలకిషన్‌రావు గొంతు తగ్గించాడు. "అన్నా, ఇంటోళ్ల బంతి ఇది. పెద్దమనుషులున్నరు. ఆయన తర్వాత తింటడు తియ్యి."

"బంతి ఎవరితోని షురువైతది కిషన్?"

"నీతోనే."

"నేను షురు జేసేదాక ఎవ్వరన్న విస్తరి ముడ్తరా?"

"ముట్టరు."

"నేను షురు జెయ్యాలంటే ఆయన నా ఎదుర్గ కూసోవాలె. నీ కుర్చీ జర ఇయ్యి."

బాలకిషన్‌రావు అన్న మొహం చూశాడు. బంతి పొడుగునా చూశాడు. నెయ్యి చల్లారుతోంది. పిల్లవాడు మళ్లీ గునిశాడు. అతను మెల్లగా లేచి పక్క కుర్చీలోకి జరిగాడు.

వెస్లీ వచ్చాడు కానీ వెంటనే కూచోలేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నా పేరు మీకు ఎర్కనే అన్నట్టు సార్," అన్నాడు, ఒక్క ఆయనకే వినపడేట్టు.

"ఎర్కనే. మొదటి నుంచి ఎర్కనే," అన్నాడు వంశీధర్‌రావు. "నాది రికార్డింగు గూడ గాదు. నీ పేరు అనచ్చు. అనలే."

వెస్లీ ఆయన్ను తేరిపార చూశాడు. తర్వాత కూచున్నాడు. ఎవరో కొత్త విస్తరి వేసి అన్నం వడ్డించారు. అతను చేతులు జోడించి, కళ్లు మూసి, తన అలవాటు ప్రకారం ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాడు. బంతి బంతంతా దానికీ ఆగింది.

కళ్లు తెరిచి ఎదురుగా చూశాడు.

వంశీధర్‌రావు ముద్ద ఎత్తాడు. ముద్దను చూడలేదు. తమ్ముణ్ణి చూడలేదు. ఆ అలసటైన, ఓపికైన కళ్లలోకి చూశాడు. మణికట్టు వాలింది. ఊపిరి విడిచాడు.

వేళ్లు విచ్చుకున్నాయి.

నాలుగు మెతుకులు మీసం మీద నిలిచాయి. మిగిలింది నోట్లో పడింది. ఆయన నమిలాడు, నిదానంగా. నెయ్యి ఎక్కువైంది. ఉప్పు సరిపోయింది. మింగాడు. ఆడవాళ్ల వరసలో జానకీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బంతి అంతా ఒక్కసారి కదిలింది. గలగలా మాటలు మొదలయ్యాయి. పప్పు ఇటు, కూర ఇటు అని కేకలు.

వెస్లీ ఒక ముద్ద తిన్నాడు. విస్తరి మడిచి లేచాడు.

"ఒక్క ముద్దన్నరు సార్. అయిపోయింది. అవ్వ చూస్తుంటది."

"సీమోను ఇంట్ల ఉన్నడా?"

"ఉన్నడు."

"పోయేటప్పుడు మీ ఇంటి కాడ దిగుత. చెప్పు."

"చెప్త," అన్నాడు వెస్లీ. "మెట్లున్నయ్ సార్. నేనొచ్చి పట్టుకుంట." అని గేటు దాటి వెళ్లిపోయాడు.

వంశీధర్‌రావు రెండో ముద్ద కలిపాడు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన తమ్ముడు అప్పడం విరుచుకుంటూ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చెయ్యి లేచింది. మణికట్టు వాలింది.

ఈసారి మీసానికి ఒక్క మెతుకు కూడా అంటలేదు. అది ఎవరూ చూడలేదు.